ఖబరస్తాన్‌లో పిట్టకు చోటుందా?

దివ్య ఖుర్‌ఆన్‌లో ఒక సూరాకు చీమ పేరు వుంది. 'నమ్ల్' అంటే చీమ. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) తన సేనలతో ఒక లోయకు వచ్చినప్పుడు ఒక చీమ తన తోటి చీమలను హెచ్చరించిన సంగతి ఆ సూరా 18వ ఆయత్‌లో మనం చదువుతాం. ఇళ్లలోకి వెళ్లిపొమ్మనీ, లేకపోతే ఈ సేన తొక్కేస్తుందనీ, తొక్కినట్టు వాళ్లకు తెలియను కూడా తెలియదనీ ఆ చీమ మాటల సారాంశం. ఆ మాట విని సులైమాన్ (అలై) చిరునవ్వు నవ్వారు. వెంటనే అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పుకునే శక్తినిమ్మనీ, ఆయనకు నచ్చే మంచిపని చేయించమనీ దుఆ చేసుకున్నారు. ఒక చక్రవర్తి ఒక చీమ మాట విని ఆగి దుఆ చేసుకున్నాడంటే ఆ మాట చిన్నది కాదు.

ఆ ఆయత్‌లో రెండు మాటల మీద పాఠకులు ఒక్క నిమిషం నిలవాలని కోరుతున్నాను. ఇళ్లు అనేచోట అరబీలో 'మసాకిన్' అని వుంది. దాని ఏకవచనం 'మస్కన్'. జంతువులూ పక్షులూ బతికే చోటుకు ఇవాళ ఉర్దూ విజ్ఞానశాస్త్ర పుస్తకాల్లో వాడే మాట కూడా ఇదే. అంటే చీమకూ ఇల్లు వుంది, అది దాని హక్కు అనే భావన మన ఇళ్లలో రోజూ చదివే గ్రంథంలోనే వుంది. రెండో మాట 'తెలియకుండా' అనేది. ఆ చీమ సులైమాన్ (అలై) సేనను దుర్మార్గులని అనలేదు. తెలియక తొక్కుతారని మాత్రమే అన్నది.

మన చుట్టూ పక్షులు తగ్గిపోతున్నాయంటే చాలామంది వేటగాళ్లను తిడతారు. కాని మన కృష్ణా డెల్టాలో పిట్టను కొట్టి చంపినవాళ్ల కంటే దాని ఇల్లు కూల్చినవాళ్లే ఎక్కువ. వాళ్లలో ఏ ఒక్కరికీ పిట్టమీద పగ లేదు. చెరువు పూడ్చినవాడు అక్కడ ఏదో ఒక భవనం వస్తే ఊరికి మంచిదనుకున్నాడు. కాలువగట్టు చెట్లు కొట్టించినవాడు రోడ్డు వెడల్పు కావాలనుకున్నాడు. ఖబరస్తాన్‌లోకి జేసీబీ తెప్పించినవాడు పెద్దల సమాధుల చుట్టూ శుభ్రంగా వుండాలనుకున్నాడు. ఉద్దేశాలు అన్నీ మంచివే. కూలిన ఇళ్లు మాత్రం కూలినట్టే.

నందివెలుగు నుంచి తెనాలి వైపు వెళ్లినా, గుంటూరు వైపు వెళ్లినా దారి పొడుగునా సాగుభూమే. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయిన తర్వాత ఈ నేలంతా మాగాణి అయింది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. వరి, మినుము, పసుపు, అరటి, నిమ్మ, ఈ మధ్య మొక్కజొన్న. ఈ నేల కొన్ని తరాలకు అన్నం పెట్టింది. దాన్ని తప్పుపట్టే హక్కు ఆ అన్నం తిన్న మనకెవరికీ లేదు. అయితే ఇంత సాగు మధ్య కూడా మనిషి కానివాళ్లకు కొంత చోటు మిగిలే వుండేది. ఊరి చెరువు, కాలువగట్టు, డొంక, హిందూ సోదరుల శ్మశానం, మన ఖబరస్తాన్. ఎవరి సొంతమూ కాని చోట్లు, ఎవరూ నాగలి పెట్టని చోట్లు. ముంగిస, ఉడుత, గుడ్లగూబ, పాలపిట్ట, జెముడుకాకి, గిజిగాడు బతికింది ఈ సందుల్లోనే. 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని ఇటువైపు వచ్చిన తర్వాత పొలాల్లో ప్లాట్ల రాళ్లు వెలిశాయి. భూమి ధర పెరిగింది. ధర పెరిగినకొద్దీ ఆ సందులు మూసుకుపోతున్నాయి.

రామచిలుకను తీసుకోండి. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పక్షిగానూ, వేపను రాష్ట్ర వృక్షంగానూ ప్రకటించింది. రామచిలుకకు గూడు అల్లటం రాదు. పాత చెట్టు మొద్దులో తొర్ర వుంటేనే అది గుడ్లు పెడుతుంది. పాలపిట్టదీ, పైడికంటెదీ అదే దారి. తొర్ర పడాలంటే చెట్టుకు వయసు రావాలి. కాబట్టి యాభై ఏళ్ల చింతచెట్టును కొట్టి, దానికి బదులుగా పది మొక్కలు నాటి ఫోటో దిగితే లెక్క సరిపోదు. ఆ మొక్కలు తొర్ర ఇచ్చేదాకా చిలుక ఎక్కడ వుండాలి? మొక్కలు నాటవద్దని అనటం లేదు. నాటిన మొక్క నుంచి మనిషి గాని, పిట్ట గాని, పశువు గాని తింటే నాటినవాడికి అది సదఖాగా రాయబడుతుందని దైవప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ వుంది. అయితే వున్న చెట్టును కాపాడటం దానికి ముందు వచ్చే పని.

దీనికి సాక్ష్యం కోసం దూరం వెళ్లనక్కరలేదు. మన నందివెలుగుకూ గుంటూరుకూ మధ్య ప్రాంతంలోనే, పెదకాకాని మండలంలో ఉప్పలపాడు వుంది. చూడనివాళ్లు పిల్లలను తీసుకుని ఒకసారి వెళ్లి రండి. అది అడవి కాదు, పర్వతం కాదు. ఊళ్లో నీటి చెరువు. ఆ చెరువులో, దాని మధ్య చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు వేలసంఖ్యలో వుంటాయి. గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ఇవి సైబీరియా నుంచి వచ్చాయని చాలామంది నమ్ముతారు. చలికాలంలో మధ్య ఆసియా నుంచి మన దేశానికి వచ్చే పక్షులు వున్నమాట నిజమే, గులాబీ గోరింకలు అలాంటివే. కాని గూడబాతూ, ఎర్రకాళ్ల కొంగా మన ఉపఖండం పక్షులే. అవి అతిథులు కావు, ఇరుగుపొరుగు. ఈ తేడా నాకు ముఖ్యంగా తోస్తుంది. అతిథి వెళ్లిపోతే 'పోనీలే, వచ్చే ఏడు వస్తాడు' అనుకుంటాం. పొరుగువాడు ఇల్లు వదిలి పోతే ఎందుకు పోయాడని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

ఉప్పలపాడులో ఆ పక్షులకు ఊరివాళ్లు చేసిన మొదటి మేలు వాటి జోలికి పోకపోవటం. చెరువును పూడ్చలేదు, చెట్లను కొట్టలేదు, రాళ్లు వేయలేదు. తర్వాత చెట్లు చనిపోయి కొమ్మలు తగ్గితే ఇనుప చట్రాలతో కృత్రిమ చెట్లు నిలబెట్టారు, వాటిమీదా పక్షులు వాలుతున్నాయి. చెరువుకు నీరు అందేలా చూస్తున్నారు. అయినా ఎన్నో ఊళ్ల చెరువుల్లో బతకవలసిన పక్షులు ఒక్క ఊరి చెరువులో ఇరుక్కుని వున్నాయంటే అది సంతోషంతో పాటు భయం కలిగించే విషయం. ఒక్క ఎండాకాలం ఆ చెరువు ఎండిపోతే ఏమిటి గతి? చుట్టుపక్కల ఊళ్ల చెరువులు వుంటే అవి అటు పోతాయి. లేకపోతే ఎటూ పోలేవు.

అలా పోయినచోటు ఒకటి మన రాష్ట్రంలోనే వుంది. కొల్లేరుకు ఎగువన, పశ్చిమగోదావరిలో ఆరేడు అనే ఊరు. అక్కడ ఊరి చెట్లమీద గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్లు కట్టుకునేవని పక్షి శాస్త్రవేత్త నీలకంఠన్ 1949లో రాశారు. 1970ల నడిమికల్లా ఆ ప్రాంతం నుంచి అవి వెళ్లిపోయాయి. అదే తమిళనాడులో చెంగల్పట్టు దగ్గర వేడంతాంగల్ చెరువు చూడండి. అక్కడ సిపాయిలు పక్షులను కాలుస్తుంటే రైతులు కలెక్టరు ప్లేస్ దొర దగ్గరకు వెళ్లి 1798లో కౌలు రాయించుకున్నారు. ఇక మీదట ఎవరూ ఆ పక్షులను ముట్టుకోకూడదని. వాళ్లది కేవలం దయ కాదు, లెక్క కూడా. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పొలానికి ఎరువు. 'కౌలు' అన్న మాట మనది, 'ఖౌల్' అంటే ఇచ్చిన మాట. రెండు వందల ఏళ్లు దాటినా ఆ మాట నిలిచింది, పక్షులూ అక్కడే వున్నాయి. ఆ రైతులు నాయకులు కారు, పండితులు కారు. తమ ఊరి చెరువు గురించి ఒక్క కాగితం రాయించుకున్నవాళ్లు.

ఇళ్లు కూల్చితే నష్టపోయేది పిట్టలేనా? ఈ ప్రశ్నకు జవాబు కోసం రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్లాలి.

కృష్ణ సముద్రంలో కలిసేచోట రెండు వైపులా మడ అడవులు వున్నాయి. సముద్రపు నీరు పోటుకు లోపలికి వచ్చి ఆటుకు వెనక్కి పోయే బురదలో పెరిగే చెట్లు ఇవి. ఆ బురదలో గాలి వుండదు కాబట్టి మడచెట్టు వేర్లు భూమిలోంచి పైకి, మేకులు నాటినట్టు వచ్చి ఊపిరి పీలుస్తాయి. ఆ వేర్ల మధ్యే రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు పెద్దవవుతాయి. అంటే సముద్రంలో వలవేసే జాలరికి ఆదాయం ఈ బురదలోనే మొలుస్తుంది. బావురుపిల్లి అనే చేపలు తినే అడవిపిల్లికి ఇది ఇల్లు. 1989లో దీన్ని కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 195 చదరపు కిలోమీటర్లు. నేటి జిల్లాల ప్రకారం కొంత కృష్ణాలో, కొంత బాపట్లలో వుంది.

దాదాపు అదే కాలంలో రొయ్యల చెరువుల గాలి వీచింది. ఎకరం వరి మీద వచ్చేదానికి ఎన్నో రెట్లు వస్తుందని చెబితే ఎవరు ఆగుతారు? తీరమంతా తవ్వారు. మడచెట్లు పోయాయి. ఉప్పునీరు పక్క పొలంలోకి, తాగునీటి బావిలోకి ఊరింది. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకు చెరువులే చచ్చాయి. అప్పుచేసి తవ్వినవాళ్లు మునిగారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరరేఖకు 500 మీటర్ల లోపలి రొయ్యల చెరువులను, సంప్రదాయ పద్ధతివి మినహాయించి, తొలగించమని తీర్పు ఇచ్చింది. తర్వాత 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి ఈ పరిశ్రమకు నియమాలు పెట్టింది. 2009లో వనామీ అనే కొత్తరకం రొయ్యకు అనుమతి వచ్చాక చెరువులు మళ్లీ పుంజుకున్నాయి. ఈ వ్యాపారంలో మనవాళ్లూ వున్నారు, కూలిపని చేసుకుని బతికేవాళ్లు అంతకంటే ఎక్కువ వున్నారు. వ్యాపారం హరామని ఎవరూ అనలేరు. కాని హలాల్ వ్యాపారంలో కూడా పొరుగువాడి బావిని ఉప్పు చేసే హక్కు లేదన్నది మన ఫిఖ్హ్‌లో ప్రాథమిక పాఠం. నష్టం చేయకూడదు, నష్టానికి బదులు నష్టమూ చేయకూడదు అనే సూత్రం మదరసాలో చదివిన ప్రతి పిల్లవాడికీ కంఠస్థమే.

మడ అడవి చేసే ఇంకో పని తుపాను వచ్చినరోజే తెలుస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెనను మన పెద్దలు ఎవరూ మరచిపోలేదు. దివిసీమలోనూ చుట్టుపక్కలా పదివేలమందికి తగ్గకుండా చనిపోయారు. 1999 అక్టోబరులో ఒడిశాకు మహాతుపాను వచ్చినప్పుడు కేంద్రపడా జిల్లాలో ఏ ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి వెడల్పుగా వుందో అక్కడ చావులు తక్కువని 2009లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్కకట్టి చూపింది. తిరిగి బతికించటం కష్టమే గాని అసాధ్యం కాదు. మన కృష్ణా, గోదావరి ముఖాల్లోనే ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊరిజనం కలిసి ఎండిపోయిన మడభూముల్లో పోటునీరు చేరేలా కాలువలు తవ్వి మొక్కలు నాటారు. అవి చెట్లయ్యాయి. చెట్టు నాటటం కంటే నీటికి దారి ఇవ్వటమే అక్కడ అసలు పని.

నీటి దారి మూస్తే ఏమవుతుందో 2024 సెప్టెంబరు 1న బెజవాడ చూసింది. బుడమేరు కొల్లేటికి నీళ్లు తీసుకుపోయే వాగు. దాని దారి ఇరుకైంది. కొల్లేరులోనూ చేపల చెరువుల గట్లు లేచాయి. 1999లో అభయారణ్యమని ప్రకటించి, 2006లో ఆ గట్లను పేల్చినా సమస్య తీరలేదు. ఆ రోజు సింగ్‌నగర్ ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. మన పాఠకుల బంధువులు ఎంతోమంది అక్కడ మేడలమీద కూర్చుని పడవల కోసం ఎదురుచూశారు. కొంగ ఇల్లనుకుని వదిలేసింది చివరకు మనిషి ఇంటికి కూడా కాపలాయే.

ఇంత పెద్ద విషయాల్లో నందివెలుగులోనో కొల్లిపరలోనో వున్న ఒక కుటుంబం ఏం చేయగలదని పాఠకులు అడగవచ్చు. బుడమేరును మనం మళ్లించలేము. నిజాంపట్నం అడవికి మనం కాపలా కాయలేము. నిజమే. అందుకే మన చేతిలో పూర్తిగా వున్న చోటు గురించి మాట్లాడదాం. అది ఖబరస్తాన్.

మన ఊళ్లలో ముస్లింలకు ఉమ్మడిగా మిగిలిన భూమి మసీదు తర్వాత అదే. అది వక్ఫ్. అమ్మకూడదు, కొనకూడదు, సాగుచేయకూడదు. ఆ కారణం చేతనే ఎన్నో ఊళ్లలో పాత చెట్లు అక్కడ మిగిలాయి. షబె బరాత్ వస్తుందంటే యువకులు ఉత్సాహంగా శుభ్రం చేయటానికి దిగుతారు. ఆ రాత్రి ఖబరస్తాన్‌కు వెళ్లటం గురించి ఉలమాల మధ్య వున్న చర్చ ఇక్కడ అక్కర్లేదు. నా బాధ శుభ్రం చేసే పద్ధతి గురించి. ఒకప్పుడు కొడవళ్లతో, పారలతో రెండు రోజులు చేసేవారు. ఇప్పుడు జేసీబీ వస్తుంది. గంటలో నేల అద్దంలా అవుతుంది. పొదలు పోతాయి, పుట్టలు పోతాయి, పాత చెట్టు ఒకటి అడ్డం వస్తే అదీ పోతుంది. తర్వాత కలుపు మందు కొడతారు. ఆపైన గచ్చు వేయాలని చందాలు. అల్లాహ్ వారి సంకల్పానికి ప్రతిఫలం ఇచ్చుగాక! కాని ఈ పద్ధతిని మన ఫిఖ్హ్ మెచ్చుకోదు.

మనలో చాలామంది హనఫీలం. ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలంగీరీ గాని, ఇబ్నె ఆబిదీన్ (రహ్మతుల్లాహి అలైహి) రాసిన రద్దుల్ ముహ్‌తార్ గాని తీసి చూడండి. ఖబరస్తాన్‌లోని పచ్చని గడ్డినీ మొక్కలనూ కోయటం మక్రూహ్ అనీ, ఎండిపోయినదాన్ని తీసేయటంలో దోషం లేదనీ వాటి భావం. పచ్చగా వున్నంతకాలం అది అల్లాహ్ తస్బీహ్ చేస్తూ వుంటుందని పెద్దలు కారణం చెప్పారు. దైవప్రవక్త (సఅసం) రెండు సమాధుల మీద పచ్చి ఖర్జూరపు కొమ్మను చీల్చి నాటిన హదీసును వారు దీనికి ఆధారంగా చూపుతారు. అంటే వందల ఏళ్ల నాడే మన ఫుఖహా ఎండుకూ పచ్చికీ తేడా చూసి గీత గీశారు. జేసీబీకి ఆ తేడా తెలియదు.

ఇక్కడ మూడు అభ్యంతరాలు వస్తాయి. మూడూ నిజాయితీగా వచ్చేవే కాబట్టి దాటవేయటం న్యాయం కాదు.

మొదటిది పాములు. జనాజాతో వెళ్లేవాళ్లకు భయం వుంటుంది. దారులూ, కొత్త సమాధులు తవ్వే భాగమూ గడ్డి లేకుండా వుంచుకోవచ్చు, వుంచుకోవాలి కూడా. పాత సమాధులున్న మూల, ప్రహరీ వారగా మూడు గజాల మేర వదిలేయటానికి ఏం అడ్డం?

రెండోది ఆక్రమణ. గోడ కట్టకపోతే వక్ఫ్ భూమి చుట్టూ వున్నవాళ్లు కొంచెం కొంచెంగా జరుపుకుంటారు. ఇందులో వాదన లేదు. గోడ కట్టండి. కాని గోడకూ లోపలి నేల నున్నగా గీకటానికీ సంబంధం లేదు. గోడ అడుగున అక్కడక్కడా వాననీరు పోయే తూములు పెట్టండి. నీరూ పోతుంది, ముంగిసా పోతుంది. గోడ లోపలివైపు కానుగ, వేప, నేరేడు వరుసగా వేస్తే పదేళ్లలో ఆ చెట్లే సరిహద్దుకు సాక్ష్యం చెబుతాయి.

మూడోది సర్కారు తుమ్మ. ఇది చిక్కు ప్రశ్న. ఈ చెట్టు మనది కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. అక్కడి నుంచి దేశమంతా అల్లుకుంది. నీళ్లు పీల్చేస్తుంది, తన కింద వేరే చెట్టును రానివ్వదు. దాన్ని తీసేయాలనేవాళ్లతో నేను ఏకీభవిస్తాను. అయితే ఉప్పలపాడులో గూడబాతులు గూళ్లు పెట్టుకున్నది ఆ తుమ్మచెట్ల మీదనే. మంచి చెట్లన్నీ మనం కొట్టేశాక వాటికి దొరికింది అదే. కనుక ఒక్కరోజులో మొత్తం తీసేయకండి. ఈ ఏడు ఒక వైపు తీసి అక్కడ నల్లతుమ్మ, వేప, రావి పెట్టండి. అవి నిలదొక్కుకున్నాక రెండో వైపు. గూళ్లున్న చెట్టును పిల్లలు ఎగిరిపోయేదాకా ముట్టుకోవద్దు. ఒక ప్రయాణంలో ఒక పక్షి పిల్లలను సహాబాలు తీసుకున్నప్పుడు తల్లి రెక్కలు కొట్టుకోవటం చూసి, ఎవరు దీన్ని బాధపెట్టారని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చేయించిన ప్రవక్త (సఅసం) ఉమ్మత్ మనది. అబూ దావూద్‌లో వున్న ఈ హదీసును మక్తబ్‌లో పిల్లలకు చెబితే ఉండేలు దానంతటదే చేతిలోంచి జారుతుంది. నేను చెప్పి చూశాను, పనిచేస్తుంది.

మనుషులకే చోటు చాలనప్పుడు పిట్టలకు చోటేమిటనే మాట ఇంకొకటి వుంది. దీనికి హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో జవాబు దొరుకుతుంది. ఇస్లాంలో 'హిమా' అనే పద్ధతి వుంది. కొంత భూమిని ఎవరూ వాడకుండా కాపాడి వుంచటం. దైవప్రవక్త (సఅసం) నకీఅ అనేచోట హిమా ఏర్పాటు చేశారు. మదీనా చుట్టూ చెట్లు కొట్టకూడదని, వేటాడకూడదని నిషేధించారు. హజ్రత్ ఉమర్ (రజి) తన కాలంలో హిమాకు కాపలాగా పెట్టిన మనిషికి ఇచ్చిన ఆదేశం బుఖారీలో వుంది. నాలుగు ఒంటెలో నాలుగు గొర్రెలో వున్న పేదవాణ్ణి లోపలికి రానివ్వు, పెద్ద మందలున్న ధనవంతులను ఆపు అని దాని సారాంశం. కాపాడటం అంటే పేదవాడిని తరమటం కాదని పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే తేలిపోయింది. మన చెరువులూ డొంకలూ మింగుతున్నది మేకలు కాసుకునే ముసలమ్మ కాదు గదా!

ఇంట్లో చేయగల పనులు ఎక్కువేమీ లేవు, వున్నవి కష్టమూ కాదు. ఎండాకాలం గోడమీద నీళ్ల చిప్ప పెట్టటం చాలా ఇళ్లలో వుంది. అది మంచి పని, కాని నీళ్ల చిప్ప ఇల్లు కాదని గుర్తుంచుకుంటే చాలు. పెరట్లో ఒక మూల ఊడవకుండా, గచ్చు చేయకుండా వదలండి. కోత తర్వాత పొలంలో గడ్డి తగలబెట్టవద్దని అన్నదమ్ములకు చెప్పండి, ఆ మంటలో నేలమీద గూడు పెట్టే పిట్టలు పోతాయి. వుజూ సంగతి చూడండి. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీటితో, అంటే ముప్పావు లీటరు కూడా కానంత నీటితో వుజూ చేసేవారు. మన మసీదుల్లో కుళాయి తిప్పి వదిలితే ఎన్ని ముద్ద్‌లు పోతాయో మీరే కొలవండి. ఆ నీరు మురుగుకాలువలోకి పోకుండా ఒక చిన్న కాలువ తీసి మసీదు ఆవరణలోని చెట్లకు మళ్లించటం ఒక మేస్త్రీకి ఒకరోజు పని.

బక్రీద్ విషయం కూడా చెప్పాలి. కొందరికి కోపం వచ్చినా సరే. ఖుర్బానీ తర్వాత పేగులూ వ్యర్థాలూ సంచుల్లో కట్టి కాలువలో వేసేవాళ్లు మనలో వున్నారు. తెనాలి మూడు కాలువల ఊరు. ఆ నీరు కిందికి పోయి రేపల్లె దాకా పొలాలకూ పశువులకూ వెళుతుంది. నీటి రేవునూ, దారినీ, నీడనూ మలమూత్రాలతో పాడుచేయటాన్ని శాపం తెచ్చే పనులుగా దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఇబాదత్ చేసి, ఆ వెంటనే ఆ శాపాన్ని తెచ్చుకోవటం ఎంత శోచనీయం! మూడు అడుగుల గొయ్యి తీసి పూడ్చి, ఏడాది తర్వాత అక్కడ చెట్టు పెడితే కాపు బాగా వస్తుంది. ఇతరులు కూడా కాలువలో వేస్తున్నారు గదా అనేది జవాబు కాదు.

షబె బరాత్‌కు ముందు మీ ఊరి కమిటీ కూర్చున్నప్పుడు ముతవల్లీ గారి ముందు ఈ సంగతులు పెట్టండి. జేసీబీకి ఇచ్చే కిరాయితో పదిమంది కూలీలు రెండు పూటలు పనిచేస్తారు. ఆ డబ్బు మన ఊరి పేద ఇళ్లకే పోతుంది. ఎండినది కోయించండి, పచ్చనిది వదిలించండి. యంత్రం బరువు లేకపోతే పాత సమాధులు కూడా కుంగవు. పని మొదలుపెట్టే ముందు రోజు అస్ర్ తర్వాత నలుగురు పిల్లలను వెంటపెట్టుకుని ఖబరస్తాన్ ఒకసారి తిరగండి. తొర్ర వున్న చెట్టు, గూడు వున్న కొమ్మ, చీమల పుట్ట ఎక్కడ కనిపిస్తే అక్కడ సున్నంతో గుర్తు పెట్టించండి. మర్నాడు కొడవలి పట్టుకుని వచ్చేవాడికి తెలియాలి గదా.